జబ్బు పేరు ఒక్కటే చాలదు

ప్రశ్న: నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాములో మచ్చలు పడి నరాలు దెబ్బతినే జబ్బు). ఎమ్మారై రిపోర్టులన్నీ జతచేసి వైకల్య భృతికి దరఖాస్తు పెడితే, 'పరిస్థితి నిలకడగా ఉంది, పని చేయగలరు' అని తిప్పి పంపారు. మధ్యాహ్నం అయ్యేసరికి నాకు కాళ్లు కదలవు. మళ్లీ ఎలా అడగాలి?

జవాబు: ముందు తిరస్కరణ ఉత్తరంలో అప్పీలు గడువు చూసుకోండి. అది దాటితే మిగతా శ్రమంతా వృథా.

భృతి మంజూరు చేసేవాళ్లు సాధారణంగా జబ్బు పేరు కంటే దానివల్ల మీరు ఏం చేయలేకపోతున్నారన్నదే చూస్తారు. మెదడులో మచ్చలు చాలా ఉన్నా చకచకా నడిచేవాళ్లున్నారు, కొద్దిపాటి మచ్చలకే మంచం పట్టినవాళ్లూ ఉన్నారు. అందుకే ఎమ్మారై రోగనిర్ధారణకు సాక్ష్యమే గాని అశక్తతకు కాదు.

మిమ్మల్ని దెబ్బతీసింది బహుశా 'నిలకడ' అన్న మాట. డాక్టరు దృష్టిలో అది 'పోయినసారి కంటే ముదరలేదు' అని. ఫైలు చూసేవాళ్లకు మాత్రం 'బాగానే ఉన్నారు' అని వినిపిస్తుంది. 'జబ్బు ముదరలేదు, కానీ చేతికర్ర లేనిదే 100 మీటర్లు నడవలేరు' అన్నట్టు, మీకు వర్తించే పరిమితిని కూడా డాక్టరును రాయమనండి.

ఈ జబ్బు వల్ల వైకల్యం ఎంతుందో చెప్పడానికి న్యూరాలజిస్టు వేసే ఈడీఎస్ఎస్ స్కోరు 0 నుంచి 10 దాకా ఉంటుంది. 100 మీటర్లకు ఒక కర్ర కావాల్సి వస్తే 6. రెండు వైపులా ఆసరా ఉంటేనే 20 మీటర్లు నడవగలిగితే 6.5. చిక్కేమిటంటే 4 దాటాక ఇది ప్రధానంగా నడకనే కొలుస్తుంది. నీరసం, చేతుల పట్టు, ఆలోచన వేగం ఇందులో సరిగా కనబడవు. కాబట్టి తొమ్మిది రంధ్రాల్లో పుల్లలు పెట్టి తీసే చేతి పరీక్ష, ఆలోచన వేగాన్ని కొలిచే 90 సెకన్ల ఎస్‌డీఎంటీ (గుర్తులకు అంకెలు జతచేసే పరీక్ష) విడిగా చేయించుకోండి. పొద్దున్నే విశ్రాంతిగా వెళ్తే అన్నీ బాగానే చేసేస్తారు. వీలైతే మధ్యాహ్నం అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ఫారంలో 'అప్పుడప్పుడు', 'చాలా' అనే మాటలకు విలువ లేదు. నెలలో ఎన్ని రోజులు, ఎంతసేపు నిలబడగలరు, ఏ పని మధ్యలో ఎన్నిసార్లు కూర్చున్నారు, ఇవి రాయండి. పెంచి మాత్రం రాయకండి. ఒక్కచోట అతి దొరికినా మిగతాదీ నమ్మరు.

ప్రశ్న: మా తమ్ముడికి ఫిట్స్ వస్తాయి, కానీ ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాల పరీక్ష) నార్మల్. భృతికి ఆశ లేనట్టేనా?

జవాబు: ఉంది. మామూలు ఈఈజీ తీసే ఆ కాసేపట్లో మెదడు సవ్యంగా ఉండొచ్చు, అంతమాత్రాన మూర్ఛ లేదని కాదు. అవసరమనుకుంటే డాక్టరు వీడియో ఈఈజీ (కెమెరాతో చూస్తూ ఎక్కువసేపు తీసేది) రాస్తారు. డైరీ పెట్టండి: తేదీ, సమయం, ఎన్ని నిమిషాలు, స్పృహ పోయిందా, దెబ్బలు తగిలాయా, తేరుకోవడానికి ఎంతసేపు పట్టింది. చాలామంది చివరిది వదిలేస్తారు. రెండు నిమిషాల ఫిట్ తర్వాత సగం రోజు మగతలో పోతే, పని చెడేది ఆ మగత వల్లే కదా! ఫిట్‌ను చూసినవాళ్ల వాంగ్మూలమూ జతచేయండి.

'మందులు సరిగ్గా వేసుకోవడం లేదు' అనే అభ్యంతరం తరచూ వస్తుంది. రక్తంలో మందు మోతాదు పరీక్ష రిపోర్టు, మందుల చీటీలు అందుకు జవాబు.