డిఫరెన్షియల్ అర్థం కావాలంటే 1937 నాటి సినిమా చూడండి

ప్రశ్న: కావలిలో నాకు చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. మా అబ్బాయి ఐటీఐలో మోటారు మెకానిక్ చదువుతున్నాడు. విప్పడం, బిగించడం నాకొచ్చు గానీ, మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే ఆ డిఫరెన్షియల్ లోపల జరిగేదేంటో వాడికి చెప్పబోతే మాటలు అందవు. యూట్యూబ్‌లో చూస్తే రంగురంగుల బొమ్మలు గిరగిరా తిరిగి అయిపోతున్నాయి. కారు ఎలా పనిచేస్తుందో నిదానంగా చూపించే పాత సినిమాలు ఉన్నాయంట కదా, ఎక్కడ దొరుకుతాయి సార్?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఉన్నాయండీ, డబ్బులు కూడా కట్టక్కర్లేదు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్ అనే సైట్‌లో ప్రెలింగర్ ఆర్కైవ్స్ అని ఒక విభాగం ఉంది. స్కూళ్లలోనూ ఫ్యాక్టరీల్లోనూ చూపించి ఆ తర్వాత ఎవరూ పట్టించుకోని రీళ్లను రిక్ ప్రెలింగర్ అనే ఆయన 1980ల నుంచి పోగుచేశాడు, వాటిలో వేల సినిమాలు ఇప్పుడు అక్కడ ఉన్నాయి. 'కారు వీడియో' అని వెతికితే మాత్రం దొరకవు. తీసినవాళ్ల పేరుతో వెతకాలి. 'జామ్ హ్యాండీ' అని, పక్కనే 'షెవ్రొలే' అని ఇంగ్లిష్‌లో కొట్టండి. అమెరికాలో డెట్రాయిట్‌లోని జామ్ హ్యాండీ సంస్థ 1930లలో షెవ్రొలే కార్ల కంపెనీ కోసం ఇలాంటివి చాలా తీసింది.

మీ అబ్బాయికి మొదట చూపించాల్సింది 'అరౌండ్ ది కార్నర్', 1937 నాటిది, పది నిమిషాల లోపే. మోటార్ సైకిళ్ల వాళ్లు వరసగా మలుపు తిరుగుతుంటే బయటివాడు ఎక్కువ దూరం పోవాల్సి వస్తుందని ముందు చూపిస్తారు. తర్వాత రెండు చక్రాలు, వాటికి చెరొక పుల్ల, రెంటినీ కలిపి నెట్టే ఒక అడ్డకడ్డీ, అంతే. ఒక చక్రాన్ని చేత్తో ఆపితే రెండోది ఎలా తిరుగుతుందో చూపిస్తారు. ఇక పుల్లలు పెంచుకుంటూ పోతారు, అవి పళ్లవుతాయి, పళ్లు గేరవుతాయి, చివరికి మీరు రోజూ గ్రీజు చేతులతో పట్టుకునే డిఫరెన్షియలే కళ్లముందు తయారవుతుంది. నాకు తెలిసి ఇంతకన్నా బాగా దాన్ని ఎవరూ చెప్పలేదు.

సినిమా పెట్టే ముందు వాణ్ని ఎద్దులబండి దగ్గర నిలబెట్టి ఒక లెక్క చెప్పండి. బండి చక్రాలు ఇరుసు మీద దేనికది తిరుగుతాయి కాబట్టి మలుపులో ఇబ్బంది లేదు. కారులో ఇంజన్ రెండు చక్రాలనూ తిప్పాలి. వాటి మధ్య దూరం 1.3 మీటర్లు అనుకుంటే, ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి బయటి చక్రం లోపలిదాని కన్నా 8 మీటర్లకు పైనే ఎక్కువ నడుస్తుంది, చుట్టు చిన్నదైనా పెద్దదైనా సరే. రెంటినీ ఒకే కడ్డీకి బిగిస్తే టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోవాల్సిందే.

గేర్‌బాక్స్‌కి 'స్పిన్నింగ్ లీవర్స్' (1936) చూడండి. పెట్రోలు చుక్క ట్యాంకు నుంచి సిలిండరు దాకా పోయే దారి 'డౌన్ ది గ్యాసొలీన్ ట్రైల్' (1935)లో బొమ్మలతో ఉంటుంది. అందులో పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ ఇప్పటి కార్లలో లేదని మాత్రం ముందే చెప్పండి. అలాగే ఆ రోజుల్లో ఇంజన్ బలం వెనక చక్రాలకు పోయేది, ఇప్పుడు చిన్న కార్లలో చాలావాటికి డిఫరెన్షియల్ ముందు గేర్‌బాక్స్‌లోనే కలిసి ఉంటుంది. కంపెనీ డబ్బుతో తీసినవి కాబట్టి మధ్యమధ్య వాళ్ల కారు పొగడ్తలూ ఉంటాయి, వాటిని దాటేయొచ్చు.

ఇంగ్లిష్ మాటలు గబగబా వస్తాయని టెన్షన్ పడొద్దు. మొదటిసారి సౌండు తీసేసి, ఆపి ఆపి, మీరే తెలుగులో చెప్పండి. డౌన్‌లోడ్ ఆప్షన్ ఉంది, ఫోన్‌లో దాచుకుంటే షెడ్డులో నెట్ లేకపోయినా ఆడుతుంది.

ప్రశ్న: కొత్తపట్నం బీచ్ ఇసుకలో మా కారు దిగబడింది. ఒక చక్రం ఊరికే తిరుగుతోంది, రెండోది కదల్లేదు. ఏదైనా పాడైందా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: పాడవలేదమ్మా. డిఫరెన్షియల్ స్వభావమే అది. పట్టు దొరకని చక్రం ఎంత తక్కువ బలంతో తిరుగుతుందో, రెండోదానికీ అంతే బలం అందుతుంది, కారు కదలడానికి అది చాలదు. బురద మడిలో ట్రాక్టరు డ్రైవరు డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కేది అందుకే, అప్పుడు రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. మామూలు కారుకి ఆ లాక్ ఉండదు. ఎక్కువ రేజ్ చేస్తే చక్రం ఇంకా లోతుకు పోతుంది. టైరు ముందు ఇసుక తీసేసి, కింద చెక్కో తాటాకులో వేసి, నిదానంగా లాగించండి.