సాగర్ గేట్లు ఎత్తినప్పుడు దిగువన గాలం వేయొచ్చా?

ఈ ఆదివారం నాగార్జునసాగర్ గేట్లు ఎత్తితే ఫ్రెండ్స్‌తో వెళ్లి దిగువన గాలాలు వేయొచ్చా, దానికి పర్మిషన్ కావాలా అని అడిగారు. పర్మిషన్ సంగతి తర్వాత. ముందు మా మామయ్య చెప్పుల సంగతి చెప్తాను.

2007 సంక్రాంతి సెలవులు. మా అమ్మమ్మగారిది మాచర్ల. కనుమ మర్నాడు మామయ్య, ఆయన స్నేహితుడు, నేను ఒకే బండి మీద సాగర్ బయల్దేరాం. ముగ్గురం ఒక బండి మీద, అక్కడే ఒక చట్టం మీరాం. జనవరి కాబట్టి వానల్లేవు, వరద లేదు, గేట్లన్నీ మూసే ఉన్నాయి. అప్పటికి టెయిల్ పాండ్, అంటే డ్యామ్ దిగువన నీళ్లు ఆపే చిన్న జలాశయం, పూర్తి కాలేదు. అందుకని పవర్ హౌస్‌లో కరెంటు ఉత్పత్తి చేయని వేళల్లో డ్యామ్ కింద కృష్ణ అంటే బండరాళ్లు, వాటి మధ్య మడుగులు, పక్కన ఒక సన్నటి పాయ. అంతే. మోకాలి లోతు పాయ దాటి, మధ్యలో ఏనుగు వీపులా ఉన్న ఒక బండ ఎక్కి కూర్చున్నాం. మామయ్య కొత్త తోలు చెప్పులు బండ కింద, నీటి అంచున విడిచాడు. క్యారియర్లో అమ్మమ్మ కట్టిచ్చిన పులిహోర, కొబ్బరి చిప్పలో తడిమట్టి, అందులో ఎర్రలు.

నాలుగింటి దాకా ఒక్క చేప పడలేదు. పులిహోర మాత్రం అయిపోయింది. ఆ తర్వాత బెండు ఒక్కసారిగా మునిగింది. కేజీ ఉంటుందేమో, జెల్ల. దాని ముల్లు మామయ్య బొటనవేలికి దిగబడి ఆయన అరుస్తుంటే, మేమిద్దరం నవ్వుతూ దాన్ని తాడుకి గుచ్చాం. ఆ సందడిలో నేనొకటి చూశాను. మామయ్య ఎడమకాలి చెప్పు కదిలింది. గాలికేమో అనుకున్నాను. గాలి లేదు. చూస్తుండగానే చెప్పు మెల్లగా లేచి, గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, పడవలాగా బయల్దేరింది. చప్పుడు లేదు, అల లేదు. నీళ్లు పొంగుతున్నాయని నాకు తట్టనే లేదు. చెప్పు పోతోంది మామయ్యా అన్నాను, అంతే.

ఒడ్డున వల ఆరబెట్టుకుంటున్న ఒక ముసలాయన గొంతు చించుకుని అరిచాడు. "ఓ బాబూ! లెగండి, లెగండి! మిషన్లు ఇడిసినారు, నీరు లెగుస్తంది!" సాగర్ దగ్గర వేట చేసేవాళ్లలో చాలామంది విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడినవాళ్లే. ఆ యాస మామయ్యకి అర్థమయ్యేలోపే పాయ నడుము దాటింది. పొద్దున దాటిన అదే పాయ. అడుగు వేస్తే కాలు కిందికి కాదు, పక్కకు పోతోంది. మామయ్యకి ఈత రాదు. ముసలాయన విసురువల తాడు విప్పి మా వైపు విసిరాడు. దాన్ని పట్టుకుని ఒకరి వెనక ఒకరం దాటాం. మామయ్య రెండు చేతులతో తాడు పట్టుకున్నాడు సరే, జెల్ల ఉన్న తాడుని పళ్లతో కరిచిపట్టుకుని వచ్చాడు. ఆ దృశ్యం ఇప్పటికీ మా ఇంట్లో ప్రతి సంక్రాంతికీ ఒకసారి నటించి చూపిస్తాం. ఆ రోజు మాత్రం ఒడ్డుకొచ్చి వెనక్కి చూస్తే నవ్వు రాలేదు. ఏనుగు వీపు లేదు. ఇరవై నిమిషాలు పట్టిందో లేదో.

ముసలాయన తిట్టలేదు. పక్కనున్న రాయి చూపించాడు. పైన సగం తెల్లగా, కింద సగం నల్లగా, మధ్యలో గీసినట్టు గీత. "ఆ నల్ల గీతకి కింద కూకోకండి బాబూ, అది నీటి జాగా" అన్నాడు. చాలా డ్యామ్‌ల కింద ఆ గీత ఉంటుంది. మనం గమనించం, అంతే.

నేను చెప్పేదేమిటంటే, గేట్లకు అందరూ భయపడతారు కానీ మనిషిని తీసుకెళ్లేది పవర్ హౌస్. గేట్లు ఎత్తితే సైరన్ మోగుతుంది, టీవీ వాళ్లు వస్తారు, 26 గేట్ల హోరు కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. టర్బైన్ తిరిగితే ఏ హడావుడీ ఉండదు. సాయంత్రం ఊళ్లలో లైట్లు, టీవీలు వేసే వేళకు కరెంటు కావాలి, అప్పుడు మిషన్లు తిప్పుతారు. సాగర్ ప్రధాన పవర్ హౌస్‌లో వంద మెగావాట్ల పైచిలుకు మిషన్లు ఎనిమిది. ఒక్కోటి తిరిగితే సుమారు నాలుగు వేల క్యూసెక్కులు, అంటే సెకనుకు లక్ష లీటర్ల పైమాట. మనం గాలం సర్దుకుని స్థిమితంగా కూర్చునేదీ సరిగ్గా ఆ సాయంత్రం వేళే.

2014 జూన్ 8 గుర్తుందా? హిమాచల్‌లో, బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ రోజూ వాన లేదు. పైనున్న లార్జి ప్రాజెక్టులో కరెంటు ఉత్పత్తి తగ్గించమన్నారు, మిగులు నీళ్లు వదిలారు. ఆ వీడియో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రాళ్ల మీద నిలబడి ఉన్న ఆ పిల్లల్లో నాకు నేనే కనిపించాను.

ఇక మీరు అడిగిన గేట్ల రోజు. ఆ రోజు చేపలు దండిగా ఉంటాయి, నిజమే. కొత్త నీరు తగలగానే చేప ఎదురెక్కుతుంది, డ్యామ్ గోడ అడ్డమొచ్చి అక్కడే మూగుతుంది. ధవళేశ్వరం దగ్గర పులస కథా ఇదే. అలా మూగిన వాటిలో చాలా వాటి కడుపులో గుడ్లుంటాయి. నన్నడిగితే అది వేట కాదు, ప్రసూతి ఆసుపత్రి గుమ్మంలో దొంగతనం. పైగా గేట్ల కింద నీరు పాలనురుగులా తెల్లగా ఉంటుంది చూశారా, అందులో సగం గాలే. ఎంత గజ ఈతగాడైనా తేలడు. పక్కన సుడి వెనక్కి, గోడ వైపుకే లాగుతుంది. శ్రీశైలం కింద లింగాలగట్టులో పుట్టి అనే గుండ్రటి తెప్ప ఎక్కి వేటాడే వాళ్లను వీడియోల్లో చూసి మనమూ చేయగలం అనుకోకండి. వాళ్లకు నీళ్లు తల్లిభాష. వాళ్లలోనూ పోయినవాళ్లున్నారు. ఆ వీడియోల కింద "సూపర్ అన్నా" అని కామెంట్లు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పర్మిషన్ సంగతి. జలాశయంలో వేటకు మత్స్యశాఖ లైసెన్సు కావాలి. ఊరి చెరువైతే హక్కు సాధారణంగా మత్స్యకారుల సొసైటీది, వాళ్లనడగాలి. డ్యామ్ గోడకు ఆనుకుని ఉన్న మేర భద్రతా సిబ్బంది చేతిలో ఉంటుంది, లైసెన్సు చూపించినా పోనివ్వరు, పోనివ్వకూడదు కూడా. వానలు మొదలైన రోజుల్లో, చేపలు గుడ్లు పెట్టే కాలంలో జలాశయాల్లో వేట ఆపుతూ ఉత్తర్వులిస్తారు. ఆ ఏడాది తేదీలేమిటో మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి. మందుగుండు పేల్చి, విషం కలిపి పట్టడం 1897 నాటి చట్టం నుంచే నేరం. వేలెడు పిల్లల్ని కూడా ఊడ్చేసే అలివి వలలూ నిషేధమే, కానీ శ్రీశైలం జలాశయంలో వాటి గొడవ ప్రతి ఏడూ పేపర్లో వస్తూనే ఉంటుంది.

సాగర్‌లో ఇంకో తమాషా ఉంది. ఎడమ గట్టు తెలంగాణ, కుడి గట్టు ఆంధ్ర. 2023 నవంబరు చివర్లో 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేసి రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు, ఆఖరికి సీఆర్‌పీఎఫ్ వచ్చి కాపలా కాయాల్సి వచ్చింది. పోలీసులకే సరిహద్దు తేలని చోట, మీ గాలం ఏ రాష్ట్రంలో పడిందో నేనెలా చెప్పను?

అయినా వెళ్తానంటే గేట్లు వంతెన మీద నుంచి చూడండి. చేప తినాలనిపిస్తే పొద్దున్నే ఒడ్డుకొచ్చే పడవల వాళ్ల దగ్గర కొనుక్కోండి. రోడ్డు పక్కన "సాగర్ చేప" అని బోర్డు పెట్టి అమ్మేదాంట్లో ఎంత భాగం కైకలూరు చెరువుల నుంచి ఐసు పెట్టెలో వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. గాలం వేయాలన్న సరదా ఉంటే సొసైటీ వాళ్లు ఒప్పుకున్న ఊరి చెరువు చాలు. డ్యామ్ కాదన్నాం కదా అని సాగర్ కాలువ గట్టు మీద మాత్రం కూర్చోవద్దు. సిమెంటు వాలు, పాకుడు. జారితే పట్టుకోవడానికి గడ్డిపరక కూడా దొరకదు.

మామయ్య చెప్పులు మళ్లీ కనిపించలేదు. పులిచింతల అప్పటికి పూర్తి కాలేదు కాబట్టి మధ్యలో అడ్డేమీ ఉండదని, నేరుగా ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్లి ఉంటాయని ఆయన గట్టి నమ్మకం. 70 గేట్లలో దేని దగ్గర ఆగాయో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాడు.