ట్రాక్ కారుకి ఆయిల్ సంప్ ఎంచుకునే ముందు

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన లిస్టు చూశాను. పాత హోండా సిటీ వీటెక్ ఇంజన్‌కి హై వాల్యూమ్ ఆయిల్ పంపు, బయటి దేశం నుంచి పెద్ద అల్యూమినియం సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద టెస్టింగ్. ఉత్సాహం బాగుంది. కానీ ఆ పంపు, సంప్ రెండూ ఇప్పుడే ఆర్డర్ పెట్టకు. ముందు నీ సంప్‌లో ఆయిల్ ఎటు పోతోందో తెలుసుకో. సంప్ ఎన్ని లీటర్లు పడుతుందన్నది తర్వాత మాట. పంపు ఆయిల్ పీల్చుకునే జాలీ గొట్టం, అదే స్ట్రైనర్, దాని మూతి ఎప్పుడూ ఆయిల్‌లో మునిగి ఉందా లేదా, అదొక్కటే అసలు సంగతి.

ఎందుకంత పట్టుబడుతున్నానంటే, 7000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) దగ్గర క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, సెకనుకి దాదాపు 117 చుట్లు తిరుగుతుంది. మలుపులో స్ట్రైనర్ ఒక్క సెకను గాలి పీల్చిందంటే అన్ని చుట్లూ బిగ్ ఎండ్ బేరింగ్, అంటే పిస్టన్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చోటి బేరింగ్, ఆయిల్ ఆధారం లేకుండా తిరగాల్సిందే. ఆ బేరింగ్ షెల్ (లోపలి సన్నటి రేకు) మీద బూడిద రంగు పొర అరిగి కింద రాగి రంగు కనబడిందంటే కథ అక్కడిదాకా వచ్చినట్టే. డ్యాష్‌బోర్డులో కంపెనీ ఇచ్చిన ఎర్ర లైటుని నమ్ముకోకు. అది ఆయిల్ ప్రెషర్ 5 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దరిదాపుల్లోకి పడిపోయాక గాని వెలగదు. ఐడిల్‌లో నిలబడ్డ కారుకి అది చాలు. ఫుల్ థ్రాటిల్‌లో ఉన్నవాడికి అది వెలిగేసరికే బేరింగ్ పోయి ఉంటుంది.

కాబట్టి మొదటి ఖర్చు గేజ్ మీద పెట్టు. ఇంజన్‌లో ఆయిల్ పంచే ప్రధాన దారి, మెయిన్ గ్యాలరీ నుంచి లైన్ తీసి మంచి ప్రెషర్ సెన్సర్, సంప్‌లో టెంపరేచర్ సెన్సర్ పెట్టించు. వీలైతే రెండిటినీ ఆర్‌పీఎమ్‌తో పాటు, అంకెలు రికార్డు చేసే లాగర్‌కి కలుపు. మలుపులో ఉన్నప్పుడు నీ కళ్లు రోడ్డు మీదే ఉంటాయి, గేజ్ మీద ఉండవు, ఉండకూడదు కూడా. సుమారు 20 పీఎస్‌ఐ దగ్గర వెలిగేలా ఒక పెద్ద లైటు ఎదురుగా పెట్టుకో. వెయ్యి ఆర్‌పీఎమ్‌కి 10 పీఎస్‌ఐ అని పాతకాలం లెక్క ఒకటుంది. అన్ని ఇంజన్లకీ అది వర్తించదు, చాలా ఇంజన్లు అంతకంటే తక్కువలోనే హాయిగా నడుస్తాయి. అంకె ఎంతుందన్నదానికంటే, అదే ఆర్‌పీఎమ్‌లో తిన్నటి రోడ్డు మీద ఉన్న ప్రెషర్ మలుపులో కూడా నిలబడుతోందా అన్నది చూడు. పడి లేస్తోందంటే స్ట్రైనర్‌కి ఆయిల్ అందడం లేదు. సూది సన్నగా వణుకుతోందంటే ఆయిల్‌లో గాలి కలుస్తోంది.

ఇక ట్రాక్‌కి వెళ్లకుండానే షాపులో చేసుకోగల పరీక్ష ఒకటి చెబుతాను. చెన్నై పుదుపేట పాత సామాన్ల మార్కెట్‌లో నీ ఇంజన్‌దే ఇంకో పాత సంప్, స్ట్రైనర్ దొరుకుతాయి, కొనుక్కో. ఎలాగూ కోసి వెల్డింగ్ చేయాలి కాబట్టి, ఉన్న ఒక్కదాన్ని కొయ్యొద్దు. స్ట్రైనర్‌ని సంప్‌లో దాని అసలు చోటులో, అసలు ఎత్తులో బిగించు. ఇంజన్ నడిచేటప్పుడు పైన వాల్వులుండే హెడ్‌లో, గ్యాలరీల్లో, ఫిల్టర్‌లో కొంత ఆయిల్ ఉండిపోతుంది కదా, అందుకని పోసే కొలత కంటే ఓ లీటరు తగ్గించి పొయ్యి. ఇప్పుడు సంప్‌ని 45 డిగ్రీలు వంచు. 1 జీ మలుపులో, అంటే పక్కకి తోసే బలం బరువుతో సమానమైనప్పుడు, ఆయిల్ మట్టం వంగేది సరిగ్గా అంతే. మంచి టైర్లు వేస్తే నీ కారు ఆ దరిదాపులకి వస్తుంది. కుడి మలుపులో ఆయిల్ కారు ఎడమవైపు పోతుంది, బ్రేక్ కొడితే ముందుకి, యాక్సిలరేటర్ తొక్కితే వెనక్కి. నీది అడ్డంగా కూర్చున్న ఇంజన్ కాబట్టి మలుపులో ఆయిల్ క్రాంక్ పొడవునా ఒక కొసకి చేరుతుంది. నాలుగు దిక్కులా వంచి చూడు. ఇరుంగాట్టుకోట్టైలో గడియారం ముల్లు తిరిగే దిశలోనే ల్యాప్ కాబట్టి కుడి మలుపులే ఎక్కువ, ఆ వంపు మీద ఎక్కువ సేపు ఉంచి చూడు. స్ట్రైనర్ మూతి ఏ వంపులో బయటపడుతోందో చాక్‌పీసుతో గీత పెట్టు. నీకు బాఫిల్, అంటే ఆయిల్‌ని ఆపే అడ్డగోడ, కావలసింది ఆ గీత దగ్గరే.

తిన్నగా సాగే డ్రాగ్ రేసులకని, కారు పొడవునా కూర్చునే ఇంజన్లకి చేసిన సంప్‌లు కూడా మార్కెట్లో ఉంటాయి, చూడటానికి మహా గొప్పగా ఉంటాయి. ఆ కారు తిన్నగా దూసుకుపోతుంది, ఆయిల్ అంతా వెనక్కి చేరుతుంది, స్ట్రైనర్ కూడా వెనకే ఉంటుంది. మలుపులు తిరిగేవాడికి ఆ డిజైన్ దండగ.

నీది స్టీల్ రేకు సంప్. అల్యూమినియం బరువు తక్కువ, వేడి కొంచెం బాగా వదులుతుంది, నిజమే. కానీ దెబ్బ తగిలితే పగులుతుంది, ఆయిల్ మొత్తం రోడ్డు పాలు. స్టీల్ అయితే సొట్ట పడుతుంది. అంబత్తూరు రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు నీకు తెలియనివి కావు. ఈ కారుని రోడ్డు మీద కూడా నడుపుతావు కాబట్టి నా ఓటు స్టీల్‌కే. ఒక్క జాగ్రత్త: సొట్ట పడితే అది స్ట్రైనర్ కిందకి వచ్చిందేమో చూడు. అడుగు పైకి లేచి మూతిని మూసేసిందంటే కారుతున్న చుక్క కూడా కనబడదు, బేరింగ్ మాత్రం పోతుంది.

బాఫిల్‌గా స్ట్రైనర్ చుట్టూ నాలుగు గోడల పెట్టె కట్టించి, గోడలకి లోపలికి మాత్రమే తెరుచుకునే చిన్న రేకు తలుపులు పెట్టించు. ఆయిల్ లోపలికి రావాలి, మలుపులో బయటికి పోకూడదు. ఆ తలుపుల పిన్నులు ఊడి పడకుండా రెండువైపులా నొక్కించు. సంప్‌ని లోతు పెంచకు, నేలకి తగులుతుంది. చోటున్న వైపు పక్కకి పెంచు. వెల్డింగ్ చేసేటప్పుడు సంప్‌ని పాత బ్లాకుకో మందపాటి ప్లేటుకో అన్ని బోల్టులూ వేసి బిగించాకే చేయమను, లేకపోతే అంచు వంకర తిరిగి జన్మలో లీకు ఆగదు. చల్లారాక లోపల కిరోసిన్ పోసి, బయట అతుకుల మీద చాక్ పూసి, రాత్రంతా వదిలెయ్. పొద్దున్నే చాక్ తడిసిన చోటు కనబడుతుంది.

స్ట్రైనర్‌కి, సంప్ అడుగుకి మధ్య ఖాళీ 6 నుంచి 10 మిల్లీమీటర్లు ఉండాలి. కొలవడానికి పిల్లలు ఆడుకునే క్లే చాలు. స్ట్రైనర్ మూతికి ఒక ముద్ద అంటించి, గ్యాస్కెట్ వేసి సంప్ బిగించి, విప్పి, నలిగిన ముద్ద మందం చూసుకో. క్రాంక్ కింద విండేజ్ ట్రే కూడా వేయించు, క్రాంక్ విసిరే ఆయిల్‌ని అది కిందకి దింపుతుంది. వేశాక చేత్తో క్రాంక్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకున్నాకే ముందుకెళ్లు.

హై వాల్యూమ్ పంపు ఎందుకు వద్దంటున్నానో చెప్పనీ. బేరింగ్ క్లియరెన్స్ పెంచితేనో, పిస్టన్ల కింద ఆయిల్ జెట్లు పెడితేనో దాని అవసరం ఉంటుంది. నువ్వు ఆ రెండూ చేయలేదు. అవసరం లేని చోట అది సంప్‌లో ఉన్న ఆయిల్‌ని ఇంకా తొందరగా హెడ్ మీదకి తోస్తుంది. హెడ్ నుంచి దిగే రంధ్రాలు అంతే కదా, అంత వేగంగా దించలేవు. మిగిలింది, ఎక్కువైన ప్రెషర్ వదిలే రిలీఫ్ వాల్వ్‌లోంచి తిరుగుతూ ఆయిల్‌ని వేడెక్కిస్తుంది, ఇంజన్ పవర్ తింటుంది. కంపెనీ పంపునే కొత్తది తెచ్చి, గేర్ల సందు మాన్యువల్‌తో సరిచూసి వెయ్యి.

డ్రై సంప్ గురించి అడిగావు. మన తిరువొత్తియూరులో తయారైన పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ మోటార్‌సైకిల్ ఇంజన్ విప్పి చూడు, ఆయిల్ పంపడానికి ఒక పంపు, తిరిగి లాగడానికి ఇంకోటి ఉంటాయి. సూత్రం అదే. ఆయిల్ విడిగా ట్యాంకులో ఉంటుంది, మలుపుతో పని లేదు. గాడులు లేని స్లిక్ టైర్లతో పూర్తి రేసు కారు కడితే దాన్ని మించింది లేదు. కానీ బెల్టు, పంపు, ట్యాంకు, హోసులు అన్నీ కలిపితే నీ కారు ఖరీదు దాటుతుంది, నీ క్లాసు రూల్‌బుక్ ఒప్పుకుంటుందో లేదో కూడా చూడాలి. బాఫిల్ వేశాక కూడా లాగ్‌లో ప్రెషర్ పడుతుంటే, ఒత్తిడితో రెండు మూడు లీటర్ల ఆయిల్ నిల్వ ఉంచి, ప్రెషర్ పడగానే వదిలే అక్యుమ్యులేటర్ ఒకటి పెడదాం. మధ్యేమార్గం అదే.

ఆయిల్ టెంపరేచర్ 100 నుంచి 120 డిగ్రీల్లో ఉంటే దిగులు లేదు. చెన్నై ఎండకి మాటిమాటికీ 130 దాటుతుంటే ఆయిల్ కూలర్ పెట్టు, ఆయిల్ వేడెక్కాకే కూలర్‌కి పంపే థర్మోస్టాట్ ఉన్న ప్లేటుతోనే పెట్టు. ఇంకెవరిదో పోయిన ఇంజన్ నుంచి తీసిన కూలర్ చవగ్గా వస్తుంది, కొనొద్దు. దాని సందుల్లో ఇరుక్కున్న మెటల్ పొడి ఎంత కడిగినా పూర్తిగా పోదు. వేడికి భయపడి మరీ చిక్కటి ఆయిల్ కూడా పోయకు.

సంప్ బిగించేటప్పుడు సీలెంట్ సన్నటి గీతగా చాలు. లోపలికి పిండుకొచ్చిన ముక్కలు ఊడి స్ట్రైనర్ జాలీకే అడ్డం పడతాయి.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ పీకేసి, గేజ్‌లో ప్రెషర్ చూపించేదాకా స్టార్టర్‌తో కొద్దికొద్దిగా తిప్పు. ఆ తర్వాతే ప్లగ్గులు.

ఇప్పుడున్న సంప్ విప్పినప్పుడు బేరింగ్ షెల్స్ పారేయొద్దు. ఏ షెల్ ఏ రాడ్‌దో వెనకాల మార్కర్‌తో రాసి, వెలుతురులో ఫోటోలు తీసి పంపు. చూసి ఫోన్ చేస్తాను, ఏం కొనాలో అప్పుడు మాట్లాడుకుందాం.

మీ మావయ్య