జెన్నారో అనే ఇటాలియన్ పేరు ఎక్కడిది? దానికి ఇటలీలో ఎలాంటి గుర్తింపు ఉంది?

జెన్నారోకు మూలం లాటిన్ పేరు ఇయానువారియస్. ద్వారాలకూ ఆరంభాలకూ అధిపతిగా రోమన్లు కొలిచిన జానస్ దేవుడి నుంచే జనవరి నెల పేరూ, ఈ పేరూ వచ్చాయి. అయితే ఇటలీలో ఈ పేరు వింటే గుర్తుకు వచ్చేది జనవరి కాదు, నేపుల్స్ నగరం.

దీనికి కారణం ఆ నగర రక్షకుడైన పునీతుడు సాన్ జెన్నారో. బెనెవెంతో బిషప్‌గా ఉన్న ఆయనకు డయోక్లీషియన్ చక్రవర్తి కాలంలో, సుమారు 305లో, పొజువోలి వద్ద శిరచ్ఛేదం జరిగిందని సంప్రదాయం చెబుతుంది. ఆయనదిగా నమ్మే గడ్డకట్టిన రక్తం నేపుల్స్ ప్రధాన చర్చిలో గాజు సీసాలో ఉంది. మే మొదటి ఆదివారానికి ముందటి శనివారం, సెప్టెంబర్ 19న, 1631 నాటి వెసూవియస్ విస్ఫోటనానికి గుర్తుగా డిసెంబర్ 16న ఆ సీసాను భక్తుల ముందుకు తెచ్చి అటూ ఇటూ వంచి చూస్తారు; రక్తం కరిగిందని తెలపడానికి తెల్ల రుమాలు ఊపుతారు. ఆలస్యమైతే, తాము పునీతుడి బంధువులమని చెప్పుకునే ముందు వరుస ముసలమ్మలు ఆయన్ని “పసుపు మొహం వాడా” అని కేకలేయడం కూడా ఆచారంలో భాగమే. నా దృష్టిలో ఈ పేరులోని ఆత్మీయత అంతా ఆ చనువులోనే ఉంది.

ముద్దుపేరు జెన్నారీనో. తాత పేరు మనవడికి పెట్టే దక్షిణ ఇటలీ అలవాటు వల్ల ఇది తరతరాలుగా నిలిచింది. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచిన ఇటలీ జట్టులోని జెన్నారో గట్టూసో నేపుల్స్ వాడు కాదు, కలాబ్రియా వాడు. వలస వెళ్లినవారు 1926 నుంచి న్యూయార్క్ లిటిల్ ఇటలీలోనూ ఈ పునీతుడి ఉత్సవం జరుపుతున్నారు.