బుట్టలో రెక్కల పురుగులు పడుతున్నా పత్తికాయలో పురుగు ఎందుకు?

రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టినా గులాబీ రంగు పురుగు తగ్గలేదు, ఇవి దండగేనా అని అడిగారు కదా అన్నా. మాది నల్లగొండ జిల్లా, చండూరు దగ్గర. నాలుగెకరాల పత్తి. నేను ఇంకో రకంగా దెబ్బతిన్నాను.

మొదటి ఏడు రెండు బుట్టలు కట్టాను. పది రోజులు చూస్తే ఖాళీ. చేను బాగుందని మందు కొట్టకుండా నిశ్చింతగా ఉన్నా. తర్వాత ఒక పచ్చికాయ చీల్చి చూస్తే లోపల పురుగు! పక్క చేను పెద్దాయన ఎర ప్యాకెట్ చూసి నవ్వాడు. అది పొగాకు లద్దె పురుగుది. దుకాణంలో ఇచ్చింది తెచ్చుకున్నా, పేరు చదవలేదు. తప్పు సగం నాదే.

ఆడ రెక్కల పురుగు రాత్రిపూట పొట్ట చివర నుంచి ఒక వాసన వదులుతుంది. మగది మీసాలతో దాన్ని పట్టి, గాలికి ఎదురుగా ఎగురుకుంటూ వస్తుంది. ఒక్కో జాతికి ఒక్కో వాసన. గులాబీ రంగు పురుగుది రెండు పదార్థాల కలగలుపు, ఇంచుమించు సగం సగం. లద్దె పురుగు ఎర పెడితే ఇది అటు చూడనైనా చూడదు. ఇలాంటి వాసనల్లో మొదట తేలింది పట్టుపురుగుది. దానికోసం జర్మనీ రసాయన శాస్త్రవేత్త బ్యూటెనాంట్ బృందం దాదాపు 5 లక్షల ఆడ పురుగుల్ని వాడింది, 1959లో బయటపెట్టింది. మన చేని పురుగుల వాసన ఇప్పుడు చిన్న రబ్బరు ముక్కలో ఎరగా దొరుకుతోంది.

ఇక మీ సంగతి. బుట్టలో పడేవి మగవే. మిగిలిన ఒక్కో మగది చాలా ఆడవాటితో కలవగలదు. పైగా పక్క చేలో కలిసిన ఆడది మీ చేలోకొచ్చి గుడ్లు పెడితే బుట్ట ఏం చేస్తుంది? అందుకే నా లెక్కలో బుట్ట మందు కాదు, కొలత. వరుసగా మూడు రోజులు, ఒక్కో బుట్టకు రోజుకు 8 పడితే మందు సంగతి చూడాలి. చేనంతా ఆ వాసనే నింపి మగవాటిని తికమక పెట్టే తాళ్లు కూడా ఉన్నాయి, కానీ ఊరు ఊరంతా కడితేనే ఫలితం. మా దగ్గర అందర్నీ ఒప్పించడం నా వల్ల కాలేదు.

ఎర మార్చేటప్పుడు చేతులు కడుక్కోండి, ఒకదాని వాసన ఇంకోదానికి అంటుతుంది. బుట్ట ఏం చెప్పినా, వారానికోసారి ఎకరాకు 20 పచ్చికాయలు చీల్చి చూడండి. ఆ ఇరవైలో రెండు కాయల్లో బతికున్న పురుగు కనబడితే ఆలస్యం చేయొద్దు.