కుంజరః అన్న ఆ చిన్న మాట

చి. బుజ్జికి,
పెద్ద మావయ్య దీవెనలు.

శనివారాలు మీ అపార్ట్‌మెంట్‌లో భారతం చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. పాత్రలన్నీ మన లోపలి గుణాలే అన్న దారిలో చెబుతావట. రాత్రంతా నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం భయం.

టీటీడీ వేసిన తాత్పర్యంతో ఉన్న కవిత్రయ భారతం దగ్గర పెట్టుకో. కథ పూర్తిగా చెప్పాకే అంతరార్థం ఎత్తు. గంట దాటనివ్వకు.

ఈ శరీరమే క్షేత్రమని గీత 13వ అధ్యాయంలో కృష్ణుడే అన్నాడు. కఠోపనిషత్తు అయితే శరీరాన్ని రథమంది. ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి. ద్రోణపర్వంలో ధర్మరాజు రథం నేలకు నాలుగు అంగుళాల పైన నడిచేది. ద్రోణుడితో ఆయన కొడుకు అశ్వత్థామ చచ్చాడని పైకి అని, "కుంజరః", అంటే ఏనుగు, అన్న మాట గొంతులోనే అన్నాడు. చచ్చింది నిజంగా ఆ పేరున్న ఏనుగే. అయినా గుర్రాల కాళ్ళు నేలకు తగిలాయి.

ఈ ఘట్టం నేను మా ఊరి రామాలయంలో గొప్పగా చెప్పాను. ముందు వరసలో మీ అమ్మ, ఒళ్ళో నువ్వు. అంతకు పది రోజుల ముందే మా పంపకాలయ్యాయి. చెరువు కింద అరెకరం సంగతి వస్తే, "నాన్న ఎక్కడా రాయలేదు" అన్నాను పెద్దమనుషులతో. నిజమే, రాయలేదు. మంచంలో ఉండి నా చెయ్యి పట్టుకుని, "అది చెల్లికి పసుపు కుంకుమ కింద" అని నోటితో చెప్పాడు. ఆ ముక్క మింగేశాను. నేను కథ చెబుతున్నంతసేపూ మీ అమ్మ తల వంచుకుని నీ గౌను అంచు మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంది. నాకు తట్టనే లేదమ్మా. లోభమంటే గట్టు జరిపిన దాయాది గుర్తొచ్చాడు, అసూయంటే ఇంకొకడు. ఊళ్ళో అందరూ కనిపించారు.

తొమ్మిదేళ్ళ తరవాత ఓ రాత్రి అదే ఘట్టం ఒక్కణ్ణే చదువుకుంటుంటే నాన్న చెయ్యి గుర్తొచ్చింది. తెల్లారి మొదటి బస్సుకు మీ ఇంటికొచ్చాను. అంతా విని మీ అమ్మ, "కాళ్ళు కడుక్కో అన్నయ్యా, అన్నం తిందువుగాని" అంది. అరెకరం తన పేర రిజిస్టర్ చేయించాను. అన్నేళ్ళ కౌలు ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

శకుని గురించి చెబుతుంటే నీకు మీ ఆఫీసులో ఎవరో గుర్తొచ్చారనుకో, ఆ వారం కథ వాయిదా వెయ్యి. ద్రౌపదిని ఆత్మశక్తి అను, వద్దనను. కానీ నిండు సభలో ఒక ఆడమనిషి చీర పట్టుకుని లాగారన్న సంగతి మరిచి మాట్లాడావో, ఊరుకోను.

రాత్రిళ్ళు మేలుకుని చదవకు, నీకు చిన్నప్పటి నుంచీ తలనొప్పి. ద్రోణపర్వం ఏ శనివారమో ముందే చెప్పు, బస్సెక్కి వస్తాను. మీ అమ్మ పక్కన నాకూ ఓ కుర్చీ వెయ్యి.

మీ పెద్ద మావయ్య