మీ అమ్మ చూసిన వియత్నాం

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. మొదటి లైన్లోనే "ఇంటర్నెట్ వల్ల ప్రపంచం కుగ్రామం అయిపోయింది" అని చూసి ఫోన్ పక్కన పడేసి టీ తాగి వచ్చాను, నిజం చెప్తున్నా. ఎన్ని వందల వ్యాసాల్లో చదివానో ఈ మాట. దాన్ని వాడుకలోకి తెచ్చిన మెక్‌లూహన్ అనే కెనడా ప్రొఫెసరు 1960ల్లోనే అనేశాడు, అప్పటికి ఇంటర్నెట్టే లేదు, పైగా ఊరన్నాక గొడవలుంటాయనే అన్నాడు తప్ప అందరూ కలిసిమెలిసి ఉంటారని ఆయనేం మాటివ్వలేదు. కాలవ నీళ్ళ కోసం కొట్టుకునే ఊళ్ళో పుట్టిన పిల్లవి, నీకు వేరే చెప్పాలా.

మళ్ళీ తీసి చదివాను కాబట్టి సరిపోయింది, లేకపోతే మూడో పేజీలో మీ అమ్మని చూసేవాణ్ణే కాదు. ఊడుపుల నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, నీ ఫోన్లో వియత్నాం ఆడవాళ్ళు వరి ఆకు (నారు) ఊడుస్తున్న వీడియో చూసి, వాళ్ళ భాష ఒక్క ముక్క తెలీకపోయినా "వీళ్ళూ మనలాగే వెనక్కే నడుస్తున్నారే, ఆకు కట్ట చూడు ఎంత చిన్నగా కట్టారో" అంది. అంతే, ఒక్క లైను. వెంటనే నువ్వు "ఈ విధంగా అంతర్జాలం విజ్ఞాన ద్వారాలు తెరిచి" అంటూ స్పీచ్ ఎత్తుకున్నావ్. దగ్గరుంటే మొట్టికాయ వేసేవాణ్ణి.

నా సంగతి చెప్తా విను. 28 ఏళ్ళు కాలేజీలో లెక్కలు చెప్పాను. మాత్రికల (అంకెల పట్టికల) గుణకారం అంటే అడ్డు వరుసని నిలువు వరుసతో గుణించి కూడండి, అంతే, ఎందుకలా అని ఒక్క కుర్రాడడిగినా సిలబస్‌లో లేదని కూర్చోబెట్టేవాణ్ణి. రిటైరయ్యాక మా మనవడు అమెరికాలోని ఎమ్ఐటీ యూనివర్సిటీ వాళ్ళు నెట్‌లో పెట్టిన ఓపెన్ కోర్స్‌వేర్‌లో గిల్బర్ట్ స్ట్రాంగ్ అనే లెక్కల ప్రొఫెసరు పాఠాలు పెట్టిచ్చాడు, 1999లో సుద్దముక్కతో బోర్డు మీద చెప్పినవి, పైసా తీసుకోరు. మొదటి పాఠంలోనే ఆయన నిలువు వరుసల్ని పట్టుకుని దీన్నింత, దాన్నింత కలిపితే జవాబొస్తుంది చూడండి అన్నాడు. వంటల్లో పాళ్ళు కలిపినట్టు! రాత్రి పదకొండింటికి మా ఆవిణ్ణి లేపి చెప్పాను, తిట్టింది అనుకో. అమెరికా గురించి నాకేం తెలిసింది? ఏం లేదు. నా చేతిలో 28 ఏళ్ళుగా ఉన్నదాన్నే ఇంకోడు ఎటునుంచి చూస్తున్నాడో తెలిసింది. మీ అమ్మకి కూడా అదే జరిగింది, ఆకు కట్ట ఆవిడ చేతిలో రోజూ ఉండేదే కాబట్టి వియత్నాం కనపడింది. నీకు కనపడలేదు, ఎందుకంటే నువ్వు ఆ వీడియోలో "ప్రపంచం" కోసం వెతికావ్.

మా రోజుల్లో ఏం వచ్చినా ఎవరో ఏరి పంపిందే. మాస్కో నుంచి రాదుగ, ప్రగతి అనే ప్రచురణ సంస్థల పుస్తకాలు చక్కటి తెలుగులో చవగ్గా వచ్చేవి, వాటికి నేను రుణపడే ఉన్నా, కానీ రష్యా రైతు గురించి మాకేం తెలియాలో అక్కడెవరో తేల్చేవాళ్ళు. ఇక్కడేమో వీక్లీ ఎడిటర్లు. మా తాతయ్య బర్మాలో రంగూన్ రైసుమిల్లులో పనిచేసి 1942లో జపాన్ బాంబులకి భయపడి నడిచొచ్చాడు, ఆ కథ పంపితే ఒక ఎడిటరు "రంగూన్ మన పాఠకులకి పట్టదు, ప్రేమకథ ఉంటే చూడండి" అని తిప్పి పంపాడు. తెలుగువాళ్ళు వేలకి వేలు బతికిన ఊరది, పట్టదట! ఇప్పుడు వాళ్ళే "గ్లోబల్ దృక్పథం" ఉన్న కథలు కావాలంటున్నారు. ఆ కథ ఇంకా నా దగ్గరే ఉంది. మొన్న మ్యాప్‌లో రంగూన్ రేవు వీధులు చూస్తుంటే, తాతయ్య చెప్పిన నది వంపు కనపడింది. నేను కథలో తప్పు రాశా, అటుది ఇటు.

ఇంగ్లీషులో రాయాలా, పేరు మార్చుకోవాలా, ఏ మ్యాగజైన్‌కి పంపాలి అని అడిగావు, వాటికి ఇప్పుడు ఓపిక లేదు. నీ భాష బాగుంది, అది మర్చిపోయేలోపు చెప్పేస్తున్నా.

ఆ వీడియో మీ అమ్మతో ఇంకోసారి చూడు. కట్ట చిన్నదైతే ఏం లాభమో, నడుముకి తేలికా, ఆకు నలగదా, కూలి కట్టల లెక్కనిస్తే ఏమవుద్దో అడుగు. ఆవిడ ఏమంటే అది, ఆవిడ మాటల్లోనే రాసి పంపు. కాగితం మీద వద్దు, ఫోన్లోకే పంపు, అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుకుంటా.